నిన్నటి నెలవంకా, నేటి నెలవంకా?

రంజాన్ నెలవంక కాస్త లావుగా, కాస్త ఎత్తులో కనిపించిందంటే చాలు, అమలాపురం మొదలు రాజోలు, కొత్తపేట దాకా మన ఇళ్లలో ఒక సందేహం తలెత్తుతుంది. ఇది రెండో నాటి చంద్రుడని, నిన్ననే పొడిచి ఉంటుందని, ఒక రోజా చేజారిందని పెద్దలు నొచ్చుకుంటారు. పొరుగూరి బంధువుల ఫోను కబురు తోడైతే ఆ నొప్పి ఒక్కొక్కసారి తగవుగానూ మారుతుంది.

ఈ సందేహం నేటిది కాదు. ఉమ్రాకు బయలుదేరిన కొందరు బత్నె నఖ్లా అనే చోట నెలవంకను చూసి, రెండు రాత్రులదని కొందరు, మూడు రాత్రులదని కొందరు అన్న సంగతి సహీహ్ ముస్లింలో నమోదై ఉంది. వారు ఆ మాట హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి)కు విన్నవించగా, మీరు ఏ రాత్రి చూశారో అది ఆ రాత్రిదేనని ఆయన దైవప్రవక్త (స) బోధనను ఆధారం చేసుకొని తేల్చారు. ఆకాశపు లెక్క చూసినా, లావును బట్టి నెలవంకకు తేదీ కట్టడం కుదరదు.

చంద్రునికి సొంత వెలుగు లేదు. సూర్యుని వైపున్న సగం ఎల్లప్పుడూ వెలుగుతూనే ఉంటుంది; అమావాస్య నాడూ అంతే. మారేదల్లా ఆ వెలిగే సగంలో మనకు కనిపించే భాగమే. అమావాస్యకు చంద్రుడు సూర్యుని వైపు ఉంటాడు గనుక చీకటి ముఖం మనవైపు ఉంటుంది. అక్కడి నుంచి రోజుకు సుమారు 12 డిగ్రీల చొప్పున సూర్యునికి తూర్పుగా జరుగుతూ, ఏడెనిమిది రోజులకు సగమై, పక్షం నాటికి సూర్యునికి ఎదురుగా వచ్చి నిండుగా కనిపిస్తాడు. భూమి నీడ పడి చంద్రుడు తరుగుతాడని చదువుకున్నవారు సైతం అంటూ ఉంటారు. ఆ నీడ పడేది చంద్రగ్రహణం నాడు మాత్రమే. చంద్రుని దారి 5 డిగ్రీల మేర ఒరిగి ఉన్నందున ప్రతి పున్నమికీ గ్రహణం రాదు.

పిల్లలకు చూపడానికి కోనసీమలో వస్తువు వెతుక్కోనక్కరలేదు. చీకటి గదిలో ఒకే దీపం ఉంచి, పీచు ఒలిచిన కొబ్బరికాయను తలకంటే కాస్త ఎత్తుగా చాచి పట్టుకొని, కాయతోపాటే మెల్లగా చుట్టూ తిరగమనండి. నెలవంక, సగం, నిండు వరుసగా కాయ మీదే కనిపిస్తాయి. కాయను దించితే తల నీడ దాని మీద పడుతుంది, గ్రహణమంటే అదే.

ఇక లావు సంగతి. అమావాస్య ఘడియ దాటి 12 గంటలకే సూర్యాస్తమయమైతే, చంద్రుడు సూర్యునికి సుమారు 6 డిగ్రీల దూరంలోనే ఉంటాడు. ఆ వెలుగురేఖ కంటికి ఆనదు. మర్నాటి సాయంత్రానికి 36 గంటలు నిండుతాయి, దూరం 18 డిగ్రీలకు చేరుతుంది, వెలిగే భాగం దాదాపు తొమ్మిది రెట్లవుతుంది. సూర్యుడు కుంగిన తరువాత గంటకు పైగా నిలుస్తుంది కూడా. అంటే, తొలిసారి కనిపించిన నెలవంకే అంత లావుగా ఉండటం పూర్తిగా సహజం. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. ఆ ఘడియ ఒక నెల ఉదయం వస్తుంది, మరో నెల అర్ధరాత్రి వస్తుంది. అందుకే తొలి నెలవంకలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు.

నెలవంకలు ప్రజలకూ, హజ్‌కూ కాలాన్ని తెలిపే గుర్తులని సూరా బఖర 189వ ఆయత్ చెబుతుంది. మన తెలుగులోనూ నెల అంటే చంద్రుడు, నెల అంటే మాసం. మాసాంతపు చంద్రుణ్ణి సూరా యాసీన్ ఎండిపోయిన పాత ఖర్జూరపు గెల కాడతో పోల్చింది. గెల దింపాక ఎండి వంగిన కొబ్బరి కాడను రోజూ చూసే మనకు ఆ పోలికను వివరించి చెప్పవలసిన పని లేదు.

అయితే ఆ కొబ్బరి చెట్లే మనకు అడ్డు. నెలవంక పడమట, సూర్యుడు కుంగిన చోటికి కాస్త పైన ఉంటుంది. కోనసీమకు సముద్రమా తూర్పు, దక్షిణ దిశల్లో ఉంది. పడమట చూస్తే తోటలే. ఇంటి పెరట్లో నిలబడి కనిపించలేదనడం కంటే, పడమర తెరిపిగా ఉన్న చోటుకు వెళ్లడం మేలు. సఖినేటిపల్లి రేవు గట్టున నిలిస్తే వశిష్ఠ గోదావరి మీదుగా నరసాపురం వైపు ఆకాశం బాగా కనిపిస్తుంది. 29వ నాటి సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లండి. బైనాక్యులర్స్ ఉంటే సూర్యబింబం పూర్తిగా కుంగాకే కంటికి పెట్టనివ్వండి.