నంద్యాల నీరు, నల్లమల మధువు

పరదేశాలలో రుచి చూడడం కోసమే ప్రయాణం కట్టే వాడుక ఒకటి ఉన్నది. ఫ్రాన్సులోని బోర్డో వంటి పురాతన నగరంలో బస చేసి, చుట్టుపక్కల తోటలకు వెళ్లి, ప్రతి తోటలోనూ అక్కడి ద్రాక్షాసవాన్ని గుక్కెడు పుచ్చుకుంటారు. పాత్రను వెలుతురుకెత్తి రంగు చూస్తారు, వాసన పీలుస్తారు, నోట పుక్కిలించి, తీరా రుచి తెలిసిన తరువాత ఉమ్మివేస్తారు! మింగుతూ పోతే నాలుగవ తోటకు చేరేసరికి నాలుకకు విచక్షణ ఉండదని వారి భయం. మనవారికి ఇది నవ్వు పుట్టించవచ్చును. కాని దాని వెనుక ఒక మంచి నమ్మకం ఉన్నది. ఒకే తీగ ఈ గుట్ట మీద ఒక రుచిని, ఆ గుట్ట మీద మరొక రుచిని ఇస్తుందనీ, నేలను ఎరుగడానికి కంటితోపాటు నాలుక కూడా సాధనమేననీ వారు ఎంచుతారు.

ఆ సాధనంతో నంద్యాల సీమకు వస్తే రెండు రోజులకు సరిపడే పని ఉన్నది. ద్రాక్షాసవం ఇక్కడ లేదు. ఇక్కడ ఉన్నవి నీరు, తేనె. తేనెను, మద్యాన్ని, పూవులోని మకరందాన్ని కూడా 'మధువు' అన్న ఒక్క మాటతోనే పిలిచిన భాష మనది. ఆ మాటకు గల అర్థాలన్నీ ఈ నల్లమల అంచున ఒకచోటనే కనబడతాయి.

నంద్యాల 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం. అంతకుముందే అది పేరు పెట్టిన ఊరు. 1800లో నిజాము ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసిన జిల్లాలను 'దత్తమండలాలు' అనే పిలిచేవారు. 1928 నవంబరులో ఈ ఊరిలో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భంలో చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' అన్న పేరు సూచించారు. పరాధీనతను గుర్తుచేసే పేరు పోయి, ఏలిన రాయలను తలపించే పేరు వచ్చినది. ఈ సంగతి ఎరిగి నంద్యాల వీధులలో నడిచేవారు అరుదు.

రుచి చూడవలసిన మొదటిది నీరు. స్వచ్ఛమైన నీటికి రుచి ఉండదని బడిలో చెబుతారు. అయితే మన పల్లెలలో ఏ ఇల్లాలినైనా అడిగితే, పప్పు ఏ బావి నీటిలో ఉడుకుతుందో, ఏ బావి నీటిలో ఉడకదో చెప్పగలదు. నేలలోని లవణాలు కరిగి నీటికి ఒక గుణం ఇస్తాయి. నంద్యాల లోయలో సున్నపురాతి నేలలు విస్తారం కనుక ఇక్కడి బావులలో ఆ జిగట రుచి తగులుతుంది. నల్లమల పాదానికి పోగానే నీరు మారుతుంది. అడవిలో కురిసిన వాన ఆకులలోనుంచి, వేళ్లలోనుంచి రాతి నెరదలలోకి ఇంకి, ఎంతో కాలానికి కొండ దిగువన ఊటగా బయటపడుతుంది.

నవనందుల యాత్ర ఒక విధంగా ఈ నీటి వెంట చేసే యాత్ర. ప్రథమనంది, నాగనంది, సోమనంది పట్టణంలోనే ఉన్నవి. అక్కడినుంచి కొండవైపు సాగితే సూర్యనంది, శివనంది, కృష్ణనంది. చివరకు మహానంది, దాని చెంతనే వినాయకనంది, గరుడనంది. కార్తీకంలో తొమ్మిదింటినీ ఒక్క దినంలో దర్శించాలని భక్తుల పట్టుదల. రుచి తెలిసినవారు మాత్రం మహానందికి ఒక పూట అంతా కేటాయించాలి.

మహానందిలో లింగం అడుగునుంచే ఊట పొంగుతున్నది. ఆ నీరు కోనేటిలోకి వస్తుంది. అడుగున పడిన చిన్న నాణెం సైతం పైనుంచి కనబడేటంత నిర్మలం. చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంటుందని ఎవరిని అడిగినా చెబుతారు. నిజానికి మారేది నీరు కాదు, మన ఒళ్లు. భూగర్భంలోని నీటికి ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేడిమి ఉంటుంది. పుష్యమాసపు వణుకులో నుంచి దిగినవానికి అది గోరువెచ్చన, వైశాఖంలో దిగినవానికి అది హిమం. దోసిట పట్టి తాగితే నాలుక మీద ఏ బరువూ నిలువదు. బోర్డోలో అయితే ఈ తేలికదనానికి పది విశేషణాలు ఉండేవి. ఇక్కడ 'తియ్యని నీళ్లు' అని ఊరుకుంటారు. కోనేరు దాటిన నీరు వృథాగా పోదు. వేల ఎకరాల వరిమళ్లకు, అరటితోటలకు అదే ఆధారం. ఆలయం బయట అరటిపండు కొని తినడమంటే అదే ఊటను మరొక రూపంలో రుచి చూడడమే.

మధ్యాహ్నం భోజనానికి కొర్రన్నం దొరికితే విడువరాదు. 1906 నుంచి నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు రూపొందించిన ఒక కొర్ర రకానికి 'సూర్యనంది' అని పేరు. పంటకు దేవుని పేరు పెట్టడం ఈ నేలకు తగిన పని.

మరునాడు దక్షిణంగా ఆళ్లగడ్డకు పోవాలి. సుమారు 40 కిలోమీటర్లు. ఆ ఊరి శిల్పుల ఉలి చప్పుడు దారిన పోయేవారికి కూడా వినబడుతుంది. ఆళ్లగడ్డ శిలాశిల్పానికి భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడినుంచి తూర్పున అహోబిలం. కళింగ దండయాత్ర నడుమ 1515 చివర కృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించినట్లు శాసనం ఉన్నది. అహోబిలేశుడు జనుల నోట ఓబులేసుడైనాడు. ఈ ప్రాంతంలో ఓబులేసు, ఓబులమ్మ లేని పల్లె ఉండదు. ఆ స్వామి చెంచులక్ష్మిని పెండ్లాడినాడు గనుక చెంచులు ఆయనను తమ ఇంటి అల్లునిగా భావిస్తారు. కనుమనాడు పారువేటకు బయలుదేరిన స్వామి సుమారు 40 రోజులు ముప్పయికి పైగా గ్రామాలు తిరుగుతాడు. తన కల్యాణానికి తానే వచ్చి పిలుస్తున్నాడని ప్రజల విశ్వాసం. బయలుదేరేటప్పుడు పల్లకివైపు చెంచులు బాణాలు వేయడం ఒక మర్యాద.

చుట్టరికం మాట వచ్చినది కనుక తేనె సంగతి. కొండతేనె పట్టే పెద్ద తేనెటీగ నిలువు కొండచరియకు ఒంటి తుట్టెను కడుతుంది. చెంచు తేనెకాడు పైనుంచి తాడు మీద దిగి, పొగవేసి, ఈగలు రేగిన గాలిలో వ్రేలాడుతూ దానిని కోస్తాడు. పైన ఆ తాడు పట్టుకొనేవాడు బావమరిదే కావాలంటారు. అన్నదమ్ములకైనా ఆస్తి మీద, ఆలి మీద కన్ను పడవచ్చును. బావమరిది మాత్రం చెల్లెలు విధవ కావడానికి ఒప్పుకొనడు! ఎంత చేదైన అనుభవంనుంచి ఈ నియమం పుట్టినదో కాని, లోకజ్ఞానంలో దీనికి సాటి నియమం మన ధర్మశాస్త్రాలలోనూ తక్కువ.

ఈ తేనె సీసాలోని అంగడి తేనెవలె ఎప్పుడూ ఒకే తీరున ఉండదు. పూచిన చెట్టును బట్టి రంగు, చిక్కదనం, వాసన మారుతాయి. పుక్కిట పట్టి నిదానించవలసినది దీనినే. తుట్టె పైకొసన తేనె, దిగువన పిల్ల ఉంటుంది. పైభాగం మాత్రమే కోసి దిగువదానిని విడిచిపెడితే ఈగలు మళ్లీ నింపుతాయి. మొత్తం పిండితే ఆ యేటితో సరి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చెంచులనుంచి తేనె కొంటున్నది. కొండదారిలో పేరులేని సీసాలో బేరమాడి కొనేవారు, తాము తగ్గించే పది రూపాయలు ఎవరి తాడులోనుంచి పోతున్నవో ఆలోచించినట్లు కనబడదు.

ఇక మధువుకు మిగిలిన అర్థం ఇప్ప. ఫాల్గుణ చైత్రాలలో రాత్రివేళ ఇప్పపూలు రాలుతాయి. తెల్లవారేసరికి చెట్టు కింద వెన్నరంగు ముత్యాలవలె పరచుకొని ఉంటాయి. చెంచు స్త్రీలు ఎలుగుబంటికంటె ముందు లేచి వాటిని ఏరుకోవాలి, ఎందుకంటే దానికీ ఇవి ప్రీతి. పచ్చిపూవు నమిలితే మొదట చక్కెర తీపి, వెనుక ఘాటైన వాసన. ఎండబెట్టి దాచుకొంటే అది కరువునాటి తిండి. ఊరబెట్టి కాస్తే సారా. ఆ సారాను యాత్రికునికి అమ్మడం ఆబ్కారీ చట్టం దృష్టిలో నేరం. సారా గూడేలకు చేసిన చెరుపు కూడా తక్కువది కాదు. కనుక పూవుతోనే తృప్తిపడడం ఉత్తమం, దానిలోనే రుచి అంతా ఉన్నది.

నీరు, తేనె, ఇప్ప మూడూ ఒకే అడవి సొమ్ము. మహానందికీ అహోబిలానికీ నడుమనున్న ఈ నల్లమల భాగం 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంగా ప్రకటితమైనది. చెట్టు ఉంటేనే వాన ఇంకుతుంది, ఈగ వాలుతుంది, పూవు రాలుతుంది. తరతరాలుగా ఆ చెట్టును పేరుపెట్టి ఎరిగినవాడు చెంచు. అభయారణ్యంలో పులికి ఉన్న చోటు అతనికీ ఉండాలి.

రెండు రోజుల ప్రయాణంలో అన్ని రుచులూ తీరుతాయని అనుకోరాదు. నీటికి, నందులకు కార్తీకం, ఇప్పకు చైత్రం, కొండతేనెకు ఎండలు ముదిరిన వైశాఖ జ్యేష్ఠాలు. స్వామి ఊరేగింపు చూడాలంటే సంక్రాంతి. నంద్యాలకు రైలుంది, ఒక ఏడాదిలో నాలుగుసార్లు దిగినా విసుగు పుట్టని స్టేషను అది.