ఉడుత పిల్లకు అన్నప్రాశన!

హోసూరు: గాలివానకు కొబ్బరిచెట్టు మీది గూడు జారితే ఉడుత పిల్ల ఎవరింటి అట్టపెట్టెలోనో తేలుతుంది. తమిళులకు అణిల్, కన్నడిగులకు అళిలు... పేరేదైనా పిల్లలు ఫిల్లర్ పట్టుకుని కూర్చుంటారు. నిజానికి కాసేపు చెట్టు మొదట్లోనే ఉంచితే తల్లే వచ్చి తీసుకుపోవచ్చు. రాకపోతేనే మన వంతు. అటవీ సిబ్బందికో, పశువైద్యుడికో చెప్పడం మేలు.

పాల మీద నిలదొక్కుకున్న కూన తీరా తిండి దశలో దెబ్బతింటుంది. కారణం మన తొందరే. తల్లి దగ్గరైతే పాలు మానడానికి సుమారు 10 వారాలు పడుతుంది. కళ్లు తెరిచి, ముందు పళ్లు వచ్చి, దేన్నయినా కొరకబోతుంటే అప్పుడు ఉడికించిన చిలగడదుంప, గింజ తీసిన ఆపిల్ తునక చూపించాలి. రోజుకో కొత్త రుచి చాలు. విరేచనమైతే దాన్ని ఆపేయాలి. తినట్లేదే అని నోట్లో కుక్కొద్దు. పాలు మాత్రం ఆపకూడదు, అదే మూతి తిప్పుకునే దాకా పట్టాల్సిందే. ఆవుపాలు పడవు.

అసలు చిక్కు వేరుశనగతోనే. ఎంత ఇష్టంగా తిన్నా అందులో కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ. దాంతోనే కడుపు నింపితే ఎముకలు పెళుసై నడవలేని స్థితికొస్తుంది. బిస్కెట్లు, మిఠాయిలు అసలే వద్దు. పొద్దుటి ఎండ తగలాలి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడానికి జామకొమ్మ వేయాలి. ఆ కొమ్మపై గెంతులు మొదలయ్యాక పెరట్లో పెట్టె తలుపు తీసి ఉంచితే సరి. కొన్నాళ్లు తిండికి తిరిగొస్తుంటుంది, కసరొద్దు.