సముద్రంలో ప్రదక్షిణలు

బౌరంపేట్ నుంచి ప్రగతినగర్ వైపు కొద్ది కిలోమీటర్లు వెళితే ‘ఇన్‌కాయిస్’ అనే సంస్థ ఆవరణ కనిపిస్తుంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం అన్నమాట. 1999లో దీన్ని స్థాపించారు. ఒకసారి మా తొమ్మిదో తరగతి పిల్లవాడు నన్నిట్లా అడిగాడు: “సార్, మనం సముద్రం చూడాలంటే 300 కిలోమీటర్లకు పైగా పోవాలి కదా! మరి సముద్రం ఆఫీసు మన పక్కన ఎందుకు పెట్టారు?”

ప్రశ్న బాగుంది. దీనికి జవాబు కావాలంటే ముందు సముద్రంలోని సుడులను గురించి తెలుసుకోవాలి.

వానాకాలంలో చెరువు అలుగు పారుతున్నప్పుడు గమనించారా? జోరుగా పోయే నీటికి పక్కన, పెద్ద రాళ్ల వెనుక, చిన్న చిన్న సుడులు పుడతాయి. వాటిలో పడిన ఆకు గిరగిర తిరుగుతుంది. సముద్రంలో కూడా ఇట్లాగే జరుగుతుంది. కాని అక్కడి సుడి వ్యాసం 100 కిలోమీటర్లో, 200 కిలోమీటర్లో ఉంటుంది. ఒక్క సుడిలో హైదరాబాదూ, వరంగల్లూ రెండూ పట్టేస్తాయి! అలుగు దగ్గరి సుడి క్షణాల్లో మాయమవుతుంది. సముద్రపు సుడి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి బతుకుతుంది. కథల్లో ఓడలను మింగే సుడిగుండం వంటిది కాదిది. దీని మీదుగా పడవలో పోయేవారికి సుడిలో ఉన్నామన్న సంగతే తెలియదు.

ఇవి ఎట్లా పుడతాయి? సముద్రంలోనూ నదుల వంటి ప్రవాహాలున్నాయి. మన తూర్పు తీరాన్ని ఆనుకొని అట్లాంటి ప్రవాహం ఒకటి ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా అది ఉత్తరంగా, అంటే చెన్నై వైపు నుంచి విశాఖపట్నం వైపు పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వెనక్కు తిరిగి దక్షిణంగా పారుతుంది. ఈ ప్రవాహం తిన్నగా పోదు. మైదానంలో నది వంకరలు తిరిగినట్లు ఇదీ వంకరలు తిరుగుతుంది. వంకర బాగా పెరిగినప్పుడు దాని రెండు కొసలూ కలిసిపోయి ఒక వలయం తెగిపోతుంది. అదే సుడి. మారే గాలుల వల్ల కూడా బంగాళాఖాతంలో సుడులు ఏర్పడుతూ ఉంటాయి.

ఎటు తిరిగిందన్నదే ముఖ్యం

ఒక గ్లాసులో నీళ్లు పోసి చెంచాతో తిప్పండి. మధ్యలో నీటిమట్టం గుంటపడుతుంది. ఇప్పుడు రెండో వైపుకు తిప్పండి. అప్పుడూ గుంటే పడుతుంది. గ్లాసులో ఎటు తిప్పినా ఒకటే. సముద్రపు సుడిలో మాత్రం అట్లా కాదు. అది తిరిగే దిశను బట్టి దాని గుణమే మారిపోతుంది.

కారణం భూమి తన చుట్టూ తాను తిరగడమే. భూమధ్యరేఖ దగ్గరి నేల, నీరు పడమటి నుంచి తూర్పుకు ఎక్కువ వేగంతో కదులుతుంటాయి. ఉత్తరానికి పోయినకొద్దీ ఈ వేగం తగ్గుతుంది. దక్షిణం నుంచి ఉత్తరానికి బయలుదేరిన నీరు తన పాత వేగాన్ని వెంట తీసుకుపోతుంది కాబట్టి తూర్పుకు, అంటే తన కుడివైపుకు, ఒరుగుతుంది. ఏ దిక్కుగా కదిలినా ఉత్తరార్ధగోళంలో ఇట్లా కుడివైపుకే ఒరుగుతుందని లెక్క కట్టి చూపవచ్చు. తిరిగే వ్యవస్థల్లో కనిపించే ఈ బలాన్ని గణితంతో 1835లో వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కొరియోలిస్. ఆయన పేరే దీనికి స్థిరపడింది. గ్లాసు చాలా చిన్నది, అందులోని నీరు క్షణాల్లో ఆగిపోతుంది. కాబట్టి అక్కడ ఈ బలం ప్రభావం మనకు కనిపించదు.

ఇప్పుడు గుడిలో ప్రదక్షిణ చేయడం గుర్తుకు తెచ్చుకోండి. గర్భగుడి మీకు ఏ వైపున ఉంటుంది? కుడివైపున. నీరు కూడా ప్రదక్షిణ దిశలో, అంటే గడియారపు ముల్లు తిరిగే దిశలో తిరిగితే, దాని కుడివైపు సుడికి కేంద్రం ఉంటుంది. కాబట్టి నీరు కేంద్రం వైపుకు నెట్టబడి అక్కడ ఉబ్బుగా పోగవుతుంది. పైనున్న వెచ్చని నీరు కిందికి అణగుతుంది. ఇది వెచ్చని సుడి.

అప్రదక్షిణంగా తిరిగే సుడిలో కుడివైపు అంటే బయటివైపు. పైనీరు బయటికి నెట్టబడుతుంది. మధ్యలో మట్టం పది, ఇరవై సెంటీమీటర్లు తగ్గుతుంది. పైన బరువు తగ్గేసరికి అడుగున ఉన్న చల్లని నీరు పదుల మీటర్ల ఎత్తు పైకి లేస్తుంది. ఇది చల్లని సుడి. సముద్రం తనకు తానుగా ఏతం తొక్కుకోవడం అన్నమాట!

ఆకలిగొన్న సముద్రం

కింది నీరు పైకి వస్తే ఏమిటి లాభం? సముద్రంలో గడ్డి, చెట్టు స్థానంలో ఉన్నవి వృక్ష ప్లవకాలు. ఇవి కంటికి కనిపించనంత చిన్నవి. వీటిని జంతు ప్లవకాలు, వాటిని చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు తింటాయి. మనం తినే కవళ్లూ, కానాగడతలూ, ట్యూనాలూ అన్నీ చివరకు ఈ ప్లవకాల మీద ఆధారపడినవే. పొలంలో పైరుకు వలెనే వీటికీ ఎండ కావాలి, ఎరువు కావాలి. ఎండ పైన ఉంది. ఎరువు, అంటే నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, కింద చీకట్లో ఉన్నాయి. ఎందుకంటే చచ్చిన జీవుల శరీరాలు అడుగుకు దిగి అక్కడ కుళ్లి కరిగిపోతాయి.

ఈ రెండింటినీ కలపడం బంగాళాఖాతంలో మరీ కష్టం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వంటి నదులు, వానలు కలిసి దాని మీద మంచినీటి పొర పరుస్తాయి. మంచినీరు ఉప్పునీటికంటే తేలిక. కావాలంటే ఒక గ్లాసులో రంగు కలిపిన ఉప్పునీరు పోసి, దాని మీద చెంచా మీదుగా మంచినీరు మెల్లగా వదలండి. రెండూ వేరువేరుగా నిలబడతాయి. మెల్లగా ఊదినా కలవవు. బంగాళాఖాతం మీద గాలి చేసే ప్రయత్నం కూడా చాలావరకు ఇట్లాగే వృథా అవుతుంది. మరి నదులు ఎరువు తేవా అంటారేమో. తెస్తాయి, కాని అందులో చాలా భాగం తీరం దగ్గరే ఖర్చయిపోతుంది.

మూత బిగించిన ఈ కుండలోకి ఎరువును ఎక్కించేవి చల్లని సుడులే. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన ఎస్. ప్రసన్నకుమార్, ఆయన సహచరులు 2004లో ఈ సంగతి ప్రకటించారు. ఓడలో వెళ్లి నీటి నమూనాలు తీసి చూస్తే, చల్లని సుడులున్న చోట పోషకాలు వెలుతురు అందే పొరలోకి వచ్చాయి, అక్కడ ప్లవకాలూ పెరిగాయి. అయితే అవి మంచినీటి మూతను దాటి పూర్తిగా పైకి రాలేదు. విందు అంతా మూత కింద జరిగిందన్నమాట. పైపైన చూసేవారికి అది కనిపించదు!

అయితే సుడి తెచ్చేది మేలు ఒక్కటే కాదు. బంగాళాఖాతంలో కొంత లోతున ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండే పొర ఉంది. చల్లని సుడి ఎరువుతోపాటు ఆ నీటినీ పైకి లేపుతుంది. చేపలు బతకగల చోటు అంతమేరకు ఇరుకవుతుంది.

మన పక్కింటి సముద్రం

ఇక మా విద్యార్థి ప్రశ్నకు వద్దాం. విశాఖ బీచిలో నిలబడితే మనకు కనిపించే సముద్రం సుమారు ఐదు కిలోమీటర్లే. 150 కిలోమీటర్ల సుడిని ఒడ్డు నుంచి ఎవరూ చూడలేరు. దాన్ని చూడాలంటే ఆకాశంలోకి పోవాలి. ఉపగ్రహం నీటి మీదికి రేడియో తరంగాలను పంపి, అవి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి సముద్రమట్టాన్ని కొలుస్తుంది. కొద్ది సెంటీమీటర్ల తేడా కూడా దొరికిపోతుంది. 2013లో భారత్, ఫ్రాన్సు కలిసి శ్రీహరికోట నుంచి పంపిన ‘సరళ్’ ఇట్లాంటిదే. మరికొన్ని ఉపగ్రహాలు నీటి వేడిని, ప్లవకాల పచ్చదనాన్ని చూస్తాయి. మూత కింద ఏమున్నదో చూసేందుకు ‘ఆర్గో’ తేలియాడే యంత్రాలున్నాయి. ఇవి సుమారు పది రోజులకొకసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ వేడిని, ఉప్పదనాన్ని కొలిచి, ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునిగిపోతాయి.

ఈ వార్తలన్నీ ప్రగతినగర్ చేరతాయి. నీటి వేడి, పచ్చదనం చూసి, చేపలు దొరికే అవకాశమున్న చోట్లను ఇన్‌కాయిస్ గుర్తిస్తుంది. ఏ రేవు నుంచి ఏ దిక్కుగా ఎంత దూరం పోవాలి, అక్కడ లోతెంత అని మత్స్యకారులకు తెలుగులో కూడా చెబుతుంది. చేపల కోసం వెతుకుతూ తిరిగిన ప్రతి గంటకూ డీజిలు కాలుతుంది. వట్టి వలతో తిరిగి వస్తే ఆ ఖర్చు అప్పుగా మిగులుతుంది. వెతుకులాట తగ్గితే ఆ కుటుంబానికి అంత మిగులు. మబ్బులు కమ్మినప్పుడు మాత్రం వేడిని, రంగును చూసే ఉపగ్రహాలకు సముద్రం సరిగా కనిపించదు.

ఇంకొక్క మాట. చేప ఉన్న చోటు తెలిసింది కదా అని ఉన్నదంతా పట్టేస్తే రేపటికి మిగలదు. అందుకే తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటను నిషేధిస్తారు. సుడి పెంచిన చేపకు గుడ్లు పెట్టే వ్యవధి ఇవ్వడం మన వంతు.

నేను మా విద్యార్థితో ఇదే చెప్పాను: “సముద్రం పక్కన ఉంటే అలలు కనిపిస్తాయి. సుడులు కనిపించాలంటే మాత్రం లెక్కలు, భౌతికశాస్త్రం కావాలి. అవి బౌరంపేట్ పిల్లలకూ అందుతాయి.” ఈసారి అలుగు దగ్గర సుడి కనిపిస్తే అది ఎటు తిరుగుతున్నదో చూడండి. అక్కడ ఎటు తిరిగినా ఒకటే. సముద్రంలో ఎందుకు కాదో మీ స్నేహితుడికి వివరించి చెప్పండి.