వంటింటి పాత అలమరకు కొత్త మెరుగు

ఇల్లు కట్టుటకును, పెండ్లి చేయుటకును మనకు సామెత ఉన్నది. కట్టిన ఇంటిని కొద్ది వ్యయముతో నిలుపుకొనుట ఆ రెంటికిని తీసిపోని విద్య. ఇంటిలో అన్ని గదులకన్న ముందుగా పాతబడునది వంటగది. పొయ్యి పొగ, తాలింపు జిడ్డు, నీటి తడి, దినమునకు పదిమార్లు తెరచి మూయు చేతులు, ఈ నాల్గింటి వాతబడి అలమర తలుపులు నల్లబడును, రంగు పెచ్చులూడును, బందులు కిర్రుమనును. దానిని ఊడబెరికి కొత్తది చేయింతమను ఆలోచన అప్పుడే పుట్టును. ఆ పనికి పూనుకొనుటకు ముందు పాత తలుపులోని కర్ర ఎట్టిదో ఒకమారు పరిశీలింపుడని మా మనవి.

నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతములలోని పాత ఇండ్లలో గోడ మందములోనే అమర్చిన అలమరలు నేటికిని కనబడును. లోపల నాపరాతి పలకల అరలు. ముందు కర్ర చట్రము, దానికి రెండు రెక్కల తలుపు. ప్రక్కన పాలు, పెరుగు పెట్టుకొను జాలీ బీరువా. చీమలెక్కకుండ దాని కాళ్ళ క్రింద నీటి గిన్నెలు. రాయి పల్నాటి నేలలోనే దొరకును. కర్ర అట్లు కాదు. అది ధనము పోసి ఏరి తెచ్చుకొన్నది. అందుచేత పాత తలుపులలో చేవగల టేకో, వేపో, మద్దియో ఉండుట అరుదు కాదు. చేవ యనగా మ్రాను నడుమనుండు ముదురు రంగు గట్టి భాగము. టేకు చేవ చెదలకు సులభముగా లొంగదు; దాని చుట్టునుండు లేత కర్రకు ఆ రక్షణ లేదు. నేడు చవుకగా దొరకు బీరువాలు పెక్కు కర్రపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలతో కట్టినవి. అట్టి పలక ఒకమారు నీరు పీల్చి ఉబ్బెనా, మరల యథాస్థితికి రాదు. పాత తలుపు సంగతి వేరు. దానికి పట్టిన మురికి పైపైది. సొత్తు లోపల ఉన్నది.

ఆ సొత్తు నిలిచియున్నదో లేదో తెలిసికొనుటకు ఒక దబ్బనము చాలును. తలుపు అడుగు అంచున, బందులు బిగించిన చోట, గోడకు ఆనిన చట్రమున గుచ్చి చూడవలెను. మొన కొద్దిగా దిగి ఆగినచో కర్ర గట్టిది. మెత్తగా లోనికి పోయినచో అచ్చట పుప్పియో, చెదయో పట్టినదనుకొనవలెను. అరలో పిండివంటి సన్నని పొడి రాలుచుండుట పుప్పి గుర్తు. మట్టి గొట్టములు చెద గుర్తు. చెద ఉన్నచో ముందుగా దాని రాకను గోడలోనే అరికట్టవలెను. లేనిచో మనము వేసిన రంగు చెదల విందుకు పందిరి వేసినట్లగును. తలుపు అడుగు పట్టీ మాత్రమే చెడినచో వడ్రంగి ఆ ముక్కను కోసి వేరొకటి అతుకగలడు. తలుపంతయు డొల్లయైనచో మెరుగు పెట్టుట వ్యర్థము.

ఇక అన్నిటికన్న ముఖ్యమైన విషయము. పాత రంగును గోకి, రుద్ది, దుమ్ము చేయుట అందరును చేయు పని. ప్రమాదమంతయు అచ్చటనే ఉన్నది. పాత నూనె రంగులలో, అందును పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగులలో సీసము కలిసియుండుట సాధారణము. మన దేశమున 2016లో చేసిన నియమములను బట్టి 2017 నవంబరు నుండి గృహములకు వాడు రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదు. అంతకు ముందు వేసిన పూతలకు ఆ హామీ లేదు. రంగు తలుపునకు గట్టిగా అంటియున్నంత కాలము కీడు తక్కువ. అది పొడియై లేచి పప్పు డబ్బాపైనను, నేలపైనను, ప్రాకు బిడ్డ చేతిపైనను పడినపుడు సీసము కడుపులోనికి పోవును. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీయును; గర్భిణులకును అపాయకరము. ఇంతవరకు ఫరవాలేదని చెప్పదగిన హద్దు ఏదియు తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పది రూపాయలు మిగుల్చుకొనబోయి బిడ్డల తెలివికి ఎసరు పెట్టుకొనుట పొదుపు కాదు.

కావున పాత రంగును పొడిగా రుద్దరాదు. మంటతో కాల్చి ఊడ్చరాదు. వయసు తెలియని రంగులో సీసము ఉన్నదనుకొనియే పని చేయుట మేలు. పూత గట్టిగా ఉన్నచో దానిని పూర్తిగా తీయనక్కరలేదు. కడిగి, తడి గరుకు కాగితముతో మెరుపు పోవునంతవరకు రుద్ది, దానిపైననే కొత్త పూత వేయవచ్చును. పనివారు వాటర్ పేపరు అనునది ఇదియే. పెచ్చులూడిన చోట మాత్రము నీరు చిలుకరించి, తడిమీదనే గోకవలెను. క్రింద పాత ప్లాస్టిక్ పట్టా పరచి, రాలిన మురికిని తడిగుడ్డతో ఎత్తి, మూటగట్టి పారవేయవలెను. ఆ నీటిని బావి దరిని గాని, కూరపాదులలో గాని పోయరాదు. పిల్లలను దగ్గరకు రానీయరాదు. పని ముగిసిన వెంటనే చేతులు కడుగుకొని బట్టలు మార్చుకొనవలెను.

పని క్రమము ఇట్లుండును. మొదట అలమరలోని సామానంతయు వేరొక గదికి చేర్చి, మరమేకులు విప్పి తలుపులు దించవలెను. ఏ తలుపు ఎచ్చటిదో బందుల క్రింద సుద్దతో అంకె వేసికొన్నచో తిరిగి బిగించునపుడు చిక్కు ఉండదు. తరువాత జిడ్డు వదల్చవలెను. జిడ్డుపై ఏ రంగును నిలువదు. పని చెడుటకు ఇదియే తరచు కారణము. ఒక లీటరు వేడినీటికి రెండు చెంచాల చాకలి సోడా కలిపి, గుడ్డ ముంచి పిండి తుడువవలెను. సోడా నీరు నిలిచినచో టేకు నల్లబడును. కావున వెంటనే మంచినీటి గుడ్డతో రెండుమార్లు తుడిచి, నీడలో ఒక దినము ఆరనీయవలెను. మేకుల రంధ్రములకు, పగుళ్ళకు రంపపు పొట్టును కర్ర జిగురుతో కలిపి దట్టించవచ్చును. రంగు వేయుటకైనచో పనివారి లప్పము చాలును. ఆరిన తరువాత 120 నెంబరు, పిమ్మట 220 నెంబరు గరుకు కాగితముతో కర్ర పొడవు వెంట రుద్దవలెను. అడ్డముగా రుద్దిన గీతలు వార్నీషు క్రింద స్పష్టముగా కనబడును. ఈ రుద్దుట కొత్త లప్పముపైనను, రంగు లేని కర్రపైనను మాత్రమే పొడిగా చేయవచ్చును. అప్పుడును ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మంచిది.

రంగు లేక కర్రయే కనబడు తలుపైనచో దానిపై పాత మెరుగు ఏదో తెలియవలెను. కనబడని మూల స్పిరిటులో తడిపిన దూదితో రుద్దగా జిగటగా కరగినచో అది లక్కతో చేసిన ఫ్రెంచి పాలిష్. చూచుటకు ఎంత అందమైనను అది వేడికి మెత్తబడును, నీటికి తెల్లబడును. పొయ్యి ప్రక్కన నిలువదు. వంటగదికి వార్నీషు మేలు. టేకు కర్రను కప్పివేయుట న్యాయము కాదు గనుక దానికి వార్నీషును, అతుకులున్న తలుపునకు ప్రైమరుపై ఎనామెల్ రంగును తగును. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పుగల అలమర తలుపులు ఇరువైపుల కలిపి 24 చదరపు అడుగులు. రెండు పూతలకు 48. ఒక లీటరు ఎనామెల్ ఒక పూతకు సుమారు 100 చదరపు అడుగులకు వచ్చును. అనగా అర లీటరు డబ్బా సరిపోవును. ఈ లెక్క వేసికొనక కొన్న రంగే అటకపై ఎండిపోవునది. కుంచె విషయమున మాత్రము లోభించరాదు; చవుక కుంచె వెంట్రుకలు పూతలో అంటుకొని మన శ్రమను వెక్కిరించును.

రేడియోలో వేసవి వాతావరణ వార్తలు వినువారికి రెంటచింతల పేరు చెప్పనక్కరలేదు. ఆ ఎండలో రంగు పైపైన పొరగట్టి లోపల పచ్చిగా మిగులును. పిమ్మట ముడుతలు పడును. సంక్రాంతి వెళ్ళిన తరువాతి దినములు ఈ పనికి అనువైనవి. ఏ కాలమందైనను ఉదయపు నీడలో పలుచని పూత వేసి, మరునాటివరకు ఆగి, తేలికగా రుద్ది రెండవది వేయవలెను. టర్పెంటైన్ ఆవిరి మండు స్వభావము గలది. గదిలో పొయ్యి వెలిగింపరాదు. అవిసె నూనె వాడినవారు ఆ గుడ్డలను ఉండచుట్టి మూలను పడవేయరాదు. అవి తమంతట తామే రాజుకొనగలవు. విప్పి ఆరుబయట ఆరనీయుడు.

పాత ఇత్తడి పిడులను పారవేయనక్కరలేదు. చింతపండుతో తోమిన బంగారమువలె మెరయును. అయితే ఆ చింతపండును నాపరాతి అరపై పెట్టరాదు. నాపరాయి సున్నపురాతి జాతి. పిడుగురాళ్ళ బట్టీలలో కాల్చి సున్నము చేయునది ఆ జాతి రాతినే. పులుపు తగిలిన చోట దాని నునుపు పోయి మచ్చపడును. దానికి సబ్బునీరు, తడిగుడ్డ చాలును. అరల లోపలివైపు, ఆహారపదార్థములు తగులు చోట, రంగు లేకుండుటయే క్షేమము. శుభ్రమైన కాగితము పరచిన సరిపోవును.

తలుపులు బిగించిన నాడే గిన్నెలు సర్దవలెనను తొందర సహజము. ఒక వారమైనను ఓపిక పట్టుడు. పూత చేతికి ఆరినట్లున్నను లోపల గట్టిపడుటకు అంత కాలము పట్టును. ఇంటివారే పూనుకొన్నచో ఖర్చు అర లీటరు రంగు, కొంచెము ప్రైమరు, ఒక మంచి కుంచె, నాలుగు గరుకు కాగితములు. పెద్దలు ఏరి తెచ్చిన చేవ కర్ర మరి కొన్ని సంవత్సరములు ఇంటనే నిలుచును.