సహజ కుటుంబ నియంత్రణ పద్ధతులు: లెక్క తెలిస్తేనే రక్షణ

కుటుంబ నియంత్రణ అనగానే తెలుగునాట అధిక సంఖ్యాకులకు స్ఫురించేది కు.ని. శస్త్రచికిత్స. 2019-21లో నిర్వహించిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 సంవత్సరాల మధ్య వయసు గల వివాహిత మహిళలలో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 70 శాతం, తెలంగాణలో సుమారు 62 శాతం మంది ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారే. దేశ సగటు సుమారు 38 శాతం మాత్రమే. ఇక సంతానం చాలు అనుకున్న దంపతులకు శాశ్వత పద్ధతి ఎంతగా చేరువైందో ఈ అంకెలు తెలియజేస్తున్నాయి. అయితే మొదటి కాన్పును కొంతకాలం వాయిదా వేయడానికి, బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం పాటించడానికి తాత్కాలిక పద్ధతులను వినియోగించేవారు ఉభయ రాష్ట్రాలలోనూ బహు స్వల్పం. ఒక కాన్పు తరువాత కనీసం రెండు సంవత్సరాలు ఆగి మరుసటి గర్భానికి ప్రయత్నించడం తల్లీబిడ్డల ఆరోగ్యానికి శ్రేయస్కరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది.

ఈ మధ్యకాలంలో కొందరు దంపతులు ఆశ్రయించేది "రోజులు చూసుకోవడం". దేశవ్యాప్తంగా సంప్రదాయ పద్ధతులపై ఆధారపడిన దంపతులు 2015-16 సర్వేలో సుమారు 6 శాతం కాగా, 2019-21 నాటికి సుమారు 10 శాతానికి పెరిగారు. ఏ రోజులు చూసుకోవాలో, ఎలా లెక్కించాలో తెలియకుండా పాటించే పద్ధతి అవాంఛిత గర్భానికే దారితీస్తుంది. సరైన శిక్షణతో పాటించినప్పుడు అదే సహజ పద్ధతి ఉపయోగకరంగా ఉంటుంది. ఈ రెండింటికీ గల భేదాన్ని క్షేత్రస్థాయి సిబ్బందికి, పాత్రికేయ మిత్రులకు విశదీకరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్రీయ ప్రాతిపదిక

ముట్టు మొదలైన మొదటి రోజు నుండి మరుసటి ముట్టుకు ముందురోజు వరకు గల కాలాన్ని ఒక ఋతుచక్రంగా పరిగణిస్తారు. ప్రతి చక్రంలో సాధారణంగా ఒకసారి అండాశయం నుండి అండం విడుదలవుతుంది. మరుసటి ముట్టుకు సుమారు రెండు వారాల ముందు ఇది జరుగుతుందని 1920వ దశకంలో జపాన్‌కు చెందిన డాక్టర్ ఓగినో, ఆస్ట్రియాకు చెందిన డాక్టర్ క్నాస్ వేర్వేరుగా నిర్ధారించారు. విడుదలైన అండం 12 నుండి 24 గంటలు మాత్రమే సజీవంగా ఉంటుంది. పురుష బీజకణాలు మాత్రం అనుకూల పరిస్థితులలో ఐదు రోజుల వరకు స్త్రీ శరీరంలో జీవించగలవు. కనుక అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, వెరసి ఆరు రోజులు గర్భధారణకు అనుకూలమైనవి.

లెక్క ఇంత తేలికగా కనిపించినా చిక్కు ఒకటి ఉంది. అండం విడుదలను మరుసటి ముట్టు నుండి వెనుకకు లెక్కించాలి. మరుసటి ముట్టు ఎప్పుడు వస్తుందో ముందుగా ఎవరికీ కచ్చితంగా తెలియదు. చక్రం 28 రోజులని పుస్తకాలలో కనిపించినా అందరిలో అలా ఉండదు. ఒకే మహిళకు సైతం ఒక నెలకూ మరొక నెలకూ తేడా ఉండవచ్చు.

ఈ విషయంలో అపోహలకూ కొదవ లేదు. ముట్టు మొదలైన నాటి నుండి 16 రాత్రులను ఋతుకాలంగా మన ధర్మశాస్త్రాలు లెక్కించాయి. ఈ సంప్రదాయ భావన ప్రభావమో ఏమో గానీ, ముట్టు ముగిసిన వెంటనే వచ్చే రోజులే గర్భం నిలిచే రోజులనీ, నెల మధ్య రోజులు క్షేమమైనవనీ భావించేవారు నేటికీ ఉన్నారు. వాస్తవంలో చాలామందికి నెల మధ్య రోజులే అత్యంత జాగ్రత్తగా ఉండవలసినవి.

రామనగరం నేర్పిన పాఠం

ప్రపంచంలోనే మొట్టమొదటిసారిగా జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని 1952లో ప్రారంభించిన దేశం మనది. ఆ కార్యక్రమం తొలి అడుగు సహజ పద్ధతితోనే పడింది. నాటి కేంద్ర ఆరోగ్య శాఖామాత్యులు రాజకుమారి అమృత్ కౌర్ ఈ పద్ధతి వైపే మొగ్గుచూపారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షాన డాక్టర్ అబ్రహాం స్టోన్ భారతదేశానికి విచ్చేశారు. మైసూరు రాష్ట్రంలోని రామనగరంలోనూ, ఢిల్లీలో ప్రభుత్వోద్యోగులు నివసించే లోదీ కాలనీలోనూ ప్రయోగాత్మక అధ్యయనాలు జరిగాయి. అక్షరాలు రానివారు సైతం రోజులు లెక్కించుకునేందుకు రంగుపూసల మాలలను రూపొందించారు.

ఆశించిన ఫలితం మాత్రం రాలేదు. పద్ధతి పట్ల ఆసక్తి చూపినవారిలో కొద్దిమందే దానిని క్రమం తప్పక పాటించగలిగారు. పూసలను తప్పు దిశలో జరిపినవారు, చీకటిలో రంగులు పోల్చుకోలేకపోయినవారు ఉన్నట్లు నాటి అనుభవాలను వివరించినవారు పేర్కొన్నారు. లోపం ఆ మహిళల తెలివిలో లేదు. చేతికి మాల ఇచ్చినంత సులభంగా అవగాహన ఇవ్వలేము. వరుసగా కొన్ని నెలలపాటు పక్కన ఉండి నేర్పేవారు, ఇంట్లో సహకరించే భర్త ఉన్నప్పుడే ఆ మాలకు ప్రయోజనం. ఏడు దశాబ్దాలు దాటినా ఈ పాఠానికి ప్రాముఖ్యం తగ్గలేదు.

ప్రధాన పద్ధతులు

1. క్యాలెండర్ పద్ధతి: కనీసం ఆరు చక్రాల నిడివిని నమోదు చేసుకోవాలి. వాటిలో అతి చిన్న చక్రం రోజుల సంఖ్య నుండి 18 తీసివేస్తే జాగ్రత్త వహించవలసిన మొదటి రోజు, అతి పెద్ద చక్రం నుండి 11 తీసివేస్తే చివరి రోజు తెలుస్తాయి. ఉదాహరణకు అతి చిన్న చక్రం 26 రోజులు, అతి పెద్దది 31 రోజులు అయితే 8వ రోజు నుండి 20వ రోజు వరకు కలయికకు దూరంగా ఉండాలి, లేదా నిరోధ్ వాడాలి.

2. నిర్ణీత దినాల పద్ధతి: అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పునరుత్పత్తి ఆరోగ్య సంస్థ దీనిని రూపొందించింది. చక్రం ఎల్లప్పుడూ 26 నుండి 32 రోజుల మధ్య ఉండే మహిళలకు మాత్రమే ఇది వర్తిస్తుంది. వీరు 8వ రోజు నుండి 19వ రోజు వరకు, అనగా 12 రోజులు, జాగ్రత్త వహించాలి. ఇందుకు 32 పూసల మాలను వాడతారు. ఎర్రపూస ముట్టు మొదటి రోజును, తెల్లపూసలు గర్భం వచ్చే అవకాశం గల రోజులను, గోధుమరంగు పూసలు తక్కిన రోజులను సూచిస్తాయి. మన దేశంలో ఈ మాలను "మాలా చక్ర" పేరిట పరిచయం చేశారు.

3. స్రావ పరిశీలన పద్ధతి: ఆస్ట్రేలియాకు చెందిన వైద్య దంపతులు జాన్ బిల్లింగ్స్, ఎవలిన్ బిల్లింగ్స్ దీనిని ప్రాచుర్యంలోకి తెచ్చారు. అండం విడుదల సమీపించే కొద్దీ గర్భాశయ ముఖద్వారం నుండి వచ్చే స్రావం పలుచబడి, కోడిగుడ్డు తెల్లసొనవలె జారుడుగా, సాగే గుణంతో ఉంటుంది. స్రావం కనిపించిన నాటి నుండి, ఆ జారుడు స్వభావం చివరిసారిగా కనిపించిన రోజు తరువాత మరి మూడు రోజుల వరకు జాగ్రత్త అవసరం. 1970వ దశకం చివరలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాలలో జరిపిన అధ్యయనంలో బెంగళూరు ఒక కేంద్రం. శిక్షణ పొందిన మహిళలలో 90 శాతానికి పైగా మొదటి చక్రంలోనే ఈ మార్పును గుర్తించగలిగారు. చదువు లేనంత మాత్రాన నేర్వలేరన్న అభిప్రాయం సరికాదని ఆ అధ్యయనం తెలియజేసింది.

4. ఉష్ణోగ్రత పద్ధతి: ఉదయం నిద్ర లేవగానే, పడక దిగకముందే ప్రతిరోజూ శరీర ఉష్ణోగ్రతను నమోదు చేయాలి. అండం విడుదలైన తరువాత అది 0.2 నుండి 0.5 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది. పెరిగిన ఉష్ణోగ్రత వరుసగా మూడు రోజులు నిలిచిన పిమ్మట, మరుసటి ముట్టు వరకు గర్భం వచ్చే అవకాశం ఉండదు. జ్వరం, నిద్రలేమి, రాత్రి డ్యూటీలు ఈ లెక్కను తారుమారు చేస్తాయి. స్రావ పరిశీలనను, ఉష్ణోగ్రతను జోడించి పాటించడం ఒంటరి పద్ధతి కంటే మెరుగు.

5. స్తన్యపాన పద్ధతి: "పాలిచ్చే తల్లికి గర్భం రాదు" అన్న మాట పల్లెల్లో తరచూ వినిపిస్తుంది. ఇందులో సగమే సత్యం. ప్రసవానంతరం ముట్టు తిరిగి రాకుండా ఉండాలి. రాత్రింబవళ్లు బిడ్డకు తల్లిపాలు మాత్రమే ఇస్తూ ఉండాలి. బిడ్డ వయసు ఆరు నెలల లోపు ఉండాలి. ఈ మూడు షరతులూ ఉన్నంతకాలం 98 శాతం వరకు రక్షణ లభిస్తుందని 1988లో ఇటలీలోని బెల్లాజియోలో సమావేశమైన నిపుణులు తేల్చారు. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రోజు నుండే వేరొక పద్ధతి అవసరం.

ఎంతవరకు విశ్వసించవచ్చు?

ఏ పద్ధతీ పాటించని 100 మంది మహిళలలో ఒక సంవత్సర కాలంలో సుమారు 85 మంది గర్భం దాల్చుతారని అంచనా. 2002లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం నిర్ణీత దినాల పద్ధతిని నియమానుసారం పాటించిన ప్రతి 100 మందిలో సుమారు 5 మంది, పొరపాట్లను కూడా కలిపి లెక్కిస్తే సుమారు 12 మంది గర్భం దాల్చారు. ఈ అధ్యయనం బొలీవియా, పెరూ, ఫిలిప్పీన్స్ దేశాలలో జరిగింది. స్రావం, ఉష్ణోగ్రత రెండింటినీ జోడించి పాటించినవారిపై జర్మనీలో జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో సాధారణ వాడకంలో ఈ సంఖ్య 2కు లోపే. వారు చక్కని శిక్షణ పొందినవారన్నది గమనార్హం. కాపర్-టి, శస్త్రచికిత్సల విషయంలో ఈ సంఖ్య 1కి లోపే.

అనగా సహజ పద్ధతులు నిష్ఫలమైనవి కావు. అలాగని కాపర్-టికి సమానమూ కావు. ఈ రెండు మాటలనూ కలిపి చెప్పడమే ప్రజలకు న్యాయం చేయడం. నెలసరి తేదీలను సూచించే మొబైల్ యాప్‌లకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. వాటిలో చాలావరకు గత చక్రాల సగటును బట్టి అంచనా వేసేవే తప్ప, ఈ నెలలో అండం ఎప్పుడు విడుదలైందో తెలుసుకొని చెప్పేవి కావు.

ఎవరు జాగ్రత్త వహించాలి?

ముట్టు క్రమం తప్పేవారు, ఇటీవల ప్రసవించినవారు లేదా గర్భస్రావం అయినవారు, రుతువిరతికి చేరువైనవారు, గర్భనిరోధక మాత్రలను లేదా సూదిమందును ఇటీవల మానినవారు వైద్యుల సలహా లేకుండా రోజుల లెక్కపై ఆధారపడరాదు. యోని సంబంధ ఇన్ఫెక్షన్లు ఉన్నవారికి స్రావ పరిశీలన తప్పుదారి పట్టించవచ్చు. గుండె జబ్బు, తీవ్ర రక్తహీనత వంటి కారణాల వల్ల గర్భం ప్రాణాపాయం కాగల మహిళలు మరింత నమ్మకమైన పద్ధతిని ఎంచుకోవడం మంచిది. సహజ పద్ధతులేవీ హెచ్.ఐ.వి., సుఖవ్యాధుల నుండి రక్షణ ఇవ్వవు. ఆ రక్షణ నిరోధ్ వల్లనే లభిస్తుంది.

భర్త సమ్మతే మూలం

మాత్రను భార్య ఒక్కతే వేసుకోగలదు. రోజులు పాటించడం మాత్రం ఇద్దరి పని. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తమకు ఇష్టం లేనప్పుడు భర్తకు కాదని చెప్పగలమన్న వివాహిత మహిళలు 82 శాతం. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఆ మాట చెప్పే వీలు లేదన్నమాట. అటువంటి ఇంట ఎంత చక్కగా లెక్క వేసినా ఆ లెక్క నిలవదు. కనుక ఈ పద్ధతిని ఎంచుకుంటామన్న మహిళను "మీ ఆయన ఒప్పుకుంటారా అమ్మా?" అని ఏకాంతంలో అడిగి తెలుసుకోవడం ఆశా కార్యకర్తల, ఏ.ఎన్.ఎం.ల మొదటి కర్తవ్యం. ఒప్పుకోడని ఆమె చెప్పినట్లయితే ఆమె చేతిలోనే ఉండే వేరొక పద్ధతిని సూచించాలి. వీలైనచోట భర్తను కూడా పిలిచి ఇద్దరికీ కలిపి వివరించాలి.

సిబ్బందికి, పాత్రికేయులకు సూచనలు

పద్ధతులవారీ లక్ష్యాలను కేంద్ర ప్రభుత్వం 1996లో రద్దు చేసింది. ఏ పద్ధతినైనా దంపతులే స్వచ్ఛందంగా ఎంచుకోవాలి. నిరోధ్, మాలా-ఎన్, వారానికొకసారి వేసుకునే ఛాయా మాత్రలు, అంతరా సూదిమందు, కాపర్-టి, శస్త్రచికిత్సలతో పాటు సహజ పద్ధతుల గురించీ అడిగిన వారికి పూర్తి సమాచారం అందాలి. కోరుకున్నవారికి ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీలు రాసుకోవడం నేర్పి, కనీసం మూడు నెలలు వెన్నంటి ఉండి సరిచూడాలి. లెక్క కుదిరేవరకు నిరోధ్ వాడమని చెప్పాలి. లెక్క తప్పిందన్న అనుమానం కలిగితే 72 గంటలలోపు అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవచ్చునని ముందుగానే తెలియజేయాలి. గర్భనిరోధక పద్ధతి విఫలమైన సందర్భంలో 20 వారాల వరకు చట్టబద్ధంగా గర్భవిచ్ఛిత్తి చేయించుకునే అవకాశాన్ని 2021లో సవరించిన చట్టం వివాహితులకే పరిమితం చేయలేదన్న సంగతి కూడా సిబ్బందికి తెలిసి ఉండాలి.

సంతానం కోరుకునే దంపతులకు సైతం ఈ జ్ఞానమే ఉపకరిస్తుంది. ఏ రోజులు అనుకూలమో తెలియక ఏళ్ల తరబడి ఆందోళన చెందేవారికి, ఖర్చుతో కూడిన చికిత్సలకు ముందు ఈ ప్రాథమిక అవగాహన కల్పించడం అవసరం.

పాత్రికేయ మిత్రులు ఈ అంశంపై రాసేటప్పుడు "సురక్షిత దినాలు" అన్న మాటతో సరిపెట్టక, అవి ఎవరికి, ఏ షరతులతో సురక్షితమో కూడా వివరించవలసిందిగా విజ్ఞప్తి. షరతులు లేకుండా అచ్చయిన ఒక్క వాక్యం ఏదో ఒక ఇంట అనుకోని కాన్పుకు కారణం కావచ్చు. సవివరంగా అచ్చయిన అదే వాక్యం ఒక తల్లికి రెండేళ్ల విరామాన్ని, ఒడిలోని బిడ్డకు రెండేళ్ల సంరక్షణను ఇవ్వగలదు.