కందికి ఇద్దరు వన్య బంధువులు: పోలికలు, పరిరక్షణ స్థితి

సాగు కందికి జన్మస్థానం భారతదేశం. దాని వన్య బంధువులలో ప్రజనన శాస్త్రజ్ఞులకు అత్యంత ఉపకరించిన వాటిలో కజానస్ కజానిఫోలియస్, కజానస్ స్కారబియాయిడిస్ ముఖ్యమైనవి. రెండింటిలోనూ క్రోమోజోముల సంఖ్య 22. రెండూ కందితో సంకరమవుతాయి. అయితే వీటి పరిరక్షణ అవసరాలు ఒకటి కావు.

కజానిఫోలియస్ నిటారుగా పెరిగే బహువార్షిక పొద. ఆకులు, పూలు కందిని ఎంతగా పోలి ఉంటాయంటే, గింజపై ఉండే స్ట్రోఫియోల్ అనే కండగల ఉబ్బు, పండిన కాయ పగిలి గింజలు చిమ్మే స్వభావం ద్వారానే దీనిని స్పష్టంగా వేరుచేయగలం. కందికి పూర్వజాతిగా దీనినే ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. స్కారబియాయిడిస్ సన్నని తీగ. చిన్న ఆకులు, దట్టమైన నూగుతో కూడిన కాయలు దీని లక్షణాలు. ఈ నూగు శనగపచ్చ పురుగు పిల్ల లార్వాలు కాయను తొలవకుండా అడ్డుకుంటుంది.

సంకర కంది రూపకల్పనకు రెండూ కణద్రవ్య పురుష వంధ్యత్వాన్ని అందించాయి. స్కారబియాయిడిస్ నుంచి లభించిన ఏ2 వ్యవస్థతో గుజరాత్‌లో 2004లో జీటీహెచ్ 1 విడుదలైంది. కజానిఫోలియస్ నుంచి లభించిన ఏ4 వ్యవస్థతో మధ్యప్రదేశ్‌లో 2010లో ఐసీపీహెచ్ 2671 విడుదలైంది.

వ్యాప్తిలోనే అసలు భేదం ఉంది. స్కారబియాయిడిస్ ఉష్ణమండల ఆసియాలో, ఆస్ట్రేలియా వరకు విస్తరించింది. గట్లపై, పచ్చిక బయళ్లలోనూ కనిపిస్తుంది. జాతిగా దీనికి తక్షణ ముప్పు లేదు. కజానిఫోలియస్ ప్రధానంగా ఒడిశా, బస్తర్, తూర్పు కనుమల అడవి అంచులకే పరిమితం. అడవుల నరికివేత, పశువుల మేత, కార్చిచ్చు ఒక చిన్న సమూహాన్ని పూర్తిగా తుడిచిపెట్టగలవు. పక్కనే కంది సాగైతే తేనెటీగల ద్వారా పరపరాగసంపర్కం జరిగి దాని జన్యు స్వచ్ఛత కూడా దెబ్బతినవచ్చు.

ఏ4 కణద్రవ్యం కజానిఫోలియస్‌కు చెందిన ఒకే నమూనా, ఐసీపీడబ్ల్యు 29 నుంచి వచ్చింది. ఒకే కణద్రవ్యంపై ఆధారపడటం ఎంత ప్రమాదకరమో 1970లో అమెరికా మొక్కజొన్న రుజువు చేసింది. టెక్సాస్ కణద్రవ్యం గల సంకరాలు ఆకుమాడు తెగులుకు విస్తారంగా బలయ్యాయి. అటువంటి పరిస్థితిలో ప్రత్యామ్నాయం వెదకవలసింది వన్య సమూహాలలోనే.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు నిధిలో రెండు జాతుల విత్తనాలూ భద్రంగా ఉన్నాయి. కానీ శీతల గదిలోని విత్తనం సేకరించిన నాటి వైవిధ్యాన్ని మాత్రమే నిలుపుతుంది. మారుతున్న వాతావరణానికి అనుగుణంగా పరిణామం చెందేది అడవిలోని మొక్కే. కాబట్టి స్కారబియాయిడిస్ విషయంలో భిన్న ప్రాంతాల నమూనాల సేకరణ సరిపోవచ్చు. కజానిఫోలియస్‌కు మాత్రం దానితో పాటు సహజ ఆవాసంలోనే రక్షణ కల్పించాలి. తూర్పు కనుమలలో పనిచేసే విస్తరణ శాస్త్రజ్ఞులు, విద్యార్థులు కందిలా కనిపించే ప్రతి అడవి పొద గింజనూ పరిశీలించి, సమూహం ఉన్న చోటును, మొక్కల సంఖ్యను నమోదు చేయడం ఈ కృషికి తొలి మెట్టు.