చిత్రం కంటే ముందు దాని చిట్టా

ల్యాండ్‌శాట్-8 ఉపగ్రహం తీసిన చిత్రంలో ఒక పిక్సెల్ విలువ 10,000 అనుకుందాం. అక్కడి నుంచి ఎంత వెలుతురు తిరిగి వచ్చిందో ఆ అంకె ఒక్కటే చెప్పదు. దాన్ని 0.00002తో గుణించి, అందులోంచి 0.1 తీసేసి, వచ్చినదాన్ని ఆ క్షణాన సూర్యుడున్న ఎత్తు కోణపు సైన్‌తో భాగించాలి. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తున ఉంటే జవాబు 0.2. 60 డిగ్రీలైతే సుమారు 0.12. ఈ గుణకాలూ, కోణమూ పిక్సెల్‌లో దొరకవు, చిత్రంతో పాటు వచ్చే వివరాల ఫైలులో ఉంటాయి. అదే మెటాడేటా. అది పోతే చేతిలో బొమ్మ మిగులుతుంది, కొలత మిగలదు.

1988 మార్చి 17న భారత ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఏ కక్ష్యకు చేరింది. అప్పటి నుంచి మన ఉపగ్రహ చిత్రాలు పేరుకుంటూనే ఉన్నాయి. జాతీయ దూరసంవేదన కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) వాటిని షాద్‌నగర్‌లో అందుకుంటోంది. అంతటి భాండాగారంలో ఒక మండలం చిత్రం కావాలంటే ఫైళ్లన్నీ తెరిచి చూడటం కుదరని పని. అందుకే చిత్రాలను ఫైళ్లుగానే ఉంచి, ఒక్కోదానికి డేటాబేస్‌లో ఒక వరుస రాస్తారు. ఉపగ్రహం, సెన్సర్, తీసిన సమయం, మేఘాల శాతం, సూర్యకోణం, ఫైలు ఉన్న చోటు అందులో ఉంటాయి.

చోటును ఎలా రాయాలన్నది అంత తేలిక కాదు. ల్యాండ్‌శాట్ లెక్కలో హైదరాబాద్ 144వ బాట, 48వ అడ్డవరుస కలిసే గడిలో పడుతుంది. మరో ఉపగ్రహ వ్యవస్థ సెంటినెల్-2కు ఈ గళ్లు పట్టవు, దాని గళ్లు దానివి. కాబట్టి చిత్రం నేల మీద పరుచుకున్న హద్దులనే భద్రపరచాలి. ఉపగ్రహం ఏటవాలు బాటలో వెళ్తుంది కనుక ఆ హద్దు ఒరిగిన చతుర్భుజంగా ఉంటుంది. కేవలం అక్షాంశ రేఖాంశాల కనిష్ఠ గరిష్ఠాలు రాసుకుంటే, మీ ఊరు చిత్రంలో ఉందని వెతుకులాట చెబుతుంది. తెరిచి చూస్తే అక్కడ నల్లటి ఖాళీ మూల! అందుకే ముందు దీర్ఘచతురస్రాలతో వడపోస్తారు. 1984లో ఆంటోనిన్ గుట్‌మన్ ప్రతిపాదించిన ఆర్-ట్రీ సూచిక ఈ పనిని వేగంగా చేస్తుంది. ఆ తర్వాత అసలు హద్దుతో సరిపోలుస్తారు.

మేఘాల శాతాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. సుమారు 185 కిలోమీటర్ల వెడల్పున్న చిత్రంలో 40 శాతం మేఘాలున్నా మన మండలం తేటగా ఉండవచ్చు. చిన్న నమూనా బొమ్మ, మేఘాలు పడిన పిక్సెళ్లను గుర్తించే ముసుగు ఫైలు ఎక్కడున్నాయో కూడా ఆ వరుసలో ఉండాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా కీలకమైన నిర్ణయం వేరే ఉంది. ఉపగ్రహం ఒక్కసారి చూస్తుంది, ఆ చూపు నుంచి చిత్రాలు మాత్రం మళ్లీ మళ్లీ తయారవుతాయి. ల్యాండ్‌శాట్ పాత చిత్రాలన్నిటినీ 2016లో 'కలెక్షన్-1'గా, 2020లో 'కలెక్షన్-2'గా తిరిగి తయారుచేశారు. రెండోసారి స్థాన కచ్చితత్వం మెరుగుపడింది, అంటే కొన్నిచోట్ల పిక్సెళ్లు జరిగాయి. ఒక ఏడాదికి పాత తయారీ, మరో ఏడాదికి కొత్త తయారీ తీసుకుని పోల్చితే, ఆ జరుగుడే చెరువు గట్టు జరిగినట్టు కనిపించే ప్రమాదం ఉంది. అందుకే 'చూపు'కు ఒక టేబుల్, 'తయారీ'కి వేరే టేబుల్ పెట్టాలి. ప్రతి తయారీ వరుసలో దాని మాతృక, సాఫ్ట్‌వేర్ వెర్షన్, తయారైన తేదీ ఉండాలి. కొత్తది వచ్చిందని పాత వరుసను చెరిపేయకూడదు. ఫైలును తీసేసినా వరుసను ఉంచి, 'ఉపసంహరించారు' అని గుర్తు పెట్టాలి. 2018లో పాత తయారీతో చెరువుల విస్తీర్ణం లెక్కగట్టిన పరిశోధకుడి అంకెలను ఇవాళ ఎవరైనా సరిచూడాలంటే, మొదట వెతకాల్సింది ఆ వరుసనే.